నాయన సంచి మీద ఆరు ఊళ్ళు

ఫిబ్రవరి 2

నాయన ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిపోయి తొమ్మిదేళ్ళయింది. ఆయన తోలు సంచి మాత్రం ఇంకా మా ఇంట్లో మేకుకు వేలాడుతూనే ఉంది. చిల్లర బరువుకు అడుగు సాగిపోయింది. మూత మడత దగ్గర పగిలి రెండు నూలుపోగుల మీద నిలబడింది. ఆ మూత మార్చి, కొత్తదాని మీద లేజర్‌తో ఏదైనా చెక్కుదామని కొలతలు తీస్తుంటే నాయన వచ్చి సంచి లాక్కున్నాడు.

"దాన్ని ముట్టొద్దురా. కావాలంటే కొత్తది కుట్టుకో."

సరే, కొత్తదే. 24 సెంటీమీటర్ల వెడల్పు, 18 ఎత్తు. బీపీ మాత్రలు, కళ్ళద్దాలు, బస్సు పాసు, అనంతపురం టవర్ క్లాక్ దాకా పోయి కూరగాయలు తెచ్చుకునేంత చిల్లర పడితే చాలు. ఉగాదికి ఇస్తానని నోరు జారాను. ఎనిమిది వారాలుంది.

మిద్దె మీద రేకుల షెడ్డే నా పనిచోటు. 10 వాట్ల డయోడ్ లేజర్, 40 బై 40 సెంటీమీటర్ల బల్ల, పొగ బయటికి లాగే ఫ్యాను, దానికో వంకర గొట్టం. వెలుతురు నీలం, 450 నానోమీటర్లది. దానికి తగ్గ నారింజరంగు కళ్ళద్దాలు లేకుండా షెడ్డులోకి ఎవరినీ రానివ్వను. చలువ కళ్ళద్దాలు దీనికి పనికిరావు. మా తమ్ముడికి ఈ మాట నాలుగుసార్లు చెప్పాను, ఐదోసారి షెడ్డుకు తాళం వేశాను.

ఫిబ్రవరి 8

తోలు కోసం ఊళ్ళో తిరిగాను. ఒక అంగడిలో "ప్యూర్ లెదర్ సార్, కళ్ళు మూసుకుని తీసుకోండి" అన్నారు. కళ్ళు తెరిచే తీసుకున్నా, అయినా మోసపోయాను. ఇంటికొచ్చి అంచు కోసి చూస్తే లోపల గుడ్డ. రెక్సిన్.

అనుమానం తీర్చుకోవడానికి రాగి తీగ పరీక్ష చేశాను. తీగను ఎర్రగా కాల్చి, ఆ ముక్కకు ఆనించి, మళ్ళీ మంటలో పెట్టాలి. మంట పచ్చగా మారిందంటే అందులో క్లోరిన్ ఉన్నట్టు, అంటే పీవీసీ. చిలకపచ్చగా వెలిగింది. దీన్ని లేజర్ కింద పెడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. అది ఊపిరితిత్తులనూ తింటుంది, మిషన్ ఇనుమునూ తింటుంది. కొత్తగా లేజర్ కొన్నవాళ్ళు ముందుగా నేర్చుకోవాల్సింది ఈ రాగి తీగ సంగతే. డిజైన్లు తర్వాత.

ఇంకో అంగడిలో దొరికింది నిజంగా తోలే. కానీ కోసిన అంచు మధ్యలో నీలం కలిసిన బూడిదరంగు. నీటిచుక్క వేస్తే పీల్చుకోకుండా ముత్యంలా నిలబడింది. క్రోమియం ఉప్పుతో పదును చేసిన, అంటే కుళ్ళకుండా శుద్ధి చేసిన తోలు అది. చెప్పులకూ సోఫాలకూ బాగుంటుంది. లేజర్ వేడికి మాత్రం అందులోని క్రోమియం విషపు రూపంలోకి మారే ప్రమాదం ఉంది. దాన్ని పక్కన పెట్టేశాను.

నాకు కావాల్సింది చెట్టుచెక్కతో, అంటే బెరడుతో పదును చేసిన తోలు. నాయన పాత సంచి అంచు చూశాను. ఈ వైపు నుంచి ఆ వైపుకు ఒకటే గోధుమరంగు. అదే జాతి.

ఫిబ్రవరి 14

చెన్నైలో తోళ్ళ బజారు పెరియమేట్ నుంచి పార్సిల్ వచ్చింది. 2 మిల్లీమీటర్ల మందం, ఏడు చదరపు అడుగులు, లేత బిస్కెట్ రంగు. విప్పగానే షెడ్డంతా చెట్టు బెరడు వాసన.

ఒకప్పుడు మద్రాసు వైపు ఇలాంటి తోళ్ళను తంగేడు చెక్కతో పదును చేసి, కరక్కాయతో రంగు తేల్చేవాళ్ళు. సీమలు దాటి ఎగుమతయ్యే సరుకు అది. తర్వాత తంగేడు చోటును చాలావరకు వాటిల్ అనే తుమ్మజాతి చెట్టు చెక్క ఆక్రమించింది. నా తోలు దేంతో పదునైందో అమ్మినాయన చెప్పలేదు, నేనూ అడగలేదు. ఈ ఊరు దాటితే రోడ్డు పొడుగునా తంగేడు పూలే కదా. దాన్ని బతుకమ్మ పువ్వుగానే చూసేవాళ్ళకు దాని బెరడుకు ఈ పని ఉందని చెప్తే నమ్మరు.

ఫిబ్రవరి 16

పరీక్ష గళ్ళు చెక్కాను. అడ్డంగా వేగం, నిమిషానికి 1500 నుంచి 6000 మిల్లీమీటర్లు. నిలువుగా శక్తి, 10 నుంచి 60 శాతం. గీతకూ గీతకూ ఎడం 0.1 మిల్లీమీటరు. వెంట్రుకలు కాలిన వాసన వీధి చివరిదాకా పోయింది. పక్కింటావిడ గోడ మీదుగా "ఏం కాలుస్తాండారప్పా?" అని అడిగింది. తోలూ వెంట్రుకా రెండూ ప్రొటీన్లే, వాసన కలవడంలో వింతేం లేదు. ఆమెకు మాత్రం "ఏం లేదక్కా, వైరు కాలింది" అని చెప్పాను.

1500 వేగం, 60 శాతం దగ్గర తోలు బొగ్గయింది. గోటితో గీరితే పొడిగా రాలింది. 6000, 10 శాతం దగ్గర మచ్చ కూడా పడలేదు. 3000 వేగం, 30 శాతం గడి నచ్చింది. ముదురు గోధుమరంగు, వేలికి తగిలీ తగలనంత లోతు.

ఆ ఊపులో లేపాక్షి బసవన్న ఫొటో తీసుకుని, నలుపు తెలుపుగా మార్చి, తుక్కు ముక్క మీద నిండుగా చెక్కాను. అరగంట పట్టింది. నాయన చూసి చాలాసేపు ఆలోచించి, "బర్రె బాగుంది" అన్నాడు.

నిజమే. నిండుగా కాల్చిన చోటల్లా మసి. ఆ మసి తుడిస్తే పక్కనున్న తెల్లటి చోటికి పాకింది. మెడలో గంటల దండ, మువ్వలు, అన్నీ ఒకే నల్ల ముద్దలో కలిసిపోయాయి. పైగా అంత మేర కాలిన తోలు వంచితే సన్నగా పగులుతోంది.

ఫిబ్రవరి 23

ధర్మవరం దగ్గర నిమ్మలకుంటకు పోయొచ్చాను. తోలుబొమ్మల ఊరు. 2020 సంవత్సరపు పద్మశ్రీకి ఎంపికైన దళవాయి చలపతిరావుగారిది ఈ ఊరే. నేను పోయింది వేరే ఇంటికి, ఒక దీపపు బుడ్డి కొనాలనే సాకుతో. అసలు పని, వాళ్ళు తోలు మీద నగలు ఎలా చేస్తారో చూడటం.

వాళ్ళ తోలు వేరు. మేకతోలును పదును చేయరు. శుభ్రం చేసి, గీకి, పలచగా ఆరబెడతారు. వెలుతురు దాని గుండా వస్తుంది. బొమ్మ మెడలోని హారం, వడ్డాణం, కిరీటం, ఇవన్నీ రంగు కాదు, చిల్లులు. చిన్న ఉలి పెట్టి సుత్తితో ఒక్క దెబ్బ, ఒక చుక్క. పక్కన ఇంకోటి. రెండు చుక్కల మధ్య మిగిలిన తోలే నగ ఆకారాన్ని నిలబెడుతోంది. తీసేసింది కొంచెం, ఉంచింది ఎక్కువ. ఉంచిన చోటు తెగితే హారమంతా ఊడిపోతుంది. అక్కడ పని చేస్తున్నామె ఉలి ఎత్తకుండానే నాతో మాట్లాడుతోంది, చుక్కకు చుక్క ఎడం మాత్రం చెదరలేదు.

బస్సులో తిరిగొస్తుంటే నా బర్రె గుర్తొచ్చింది. నేను చేసింది దీనికి తలకిందులు.

ఫిబ్రవరి 26

డిజైన్ మొత్తం మార్చేశాను. బసవన్న లేడు. మూత అంచు వెంబడి నాయన ఎక్కువకాలం తిరిగిన రూటు ఉంటుంది: అనంతపురం, రాప్తాడు, చెన్నేకొత్తపల్లి, పెనుకొండ, సోమందేపల్లి, హిందూపురం. ఊరికీ ఊరికీ మధ్య చుక్కల వరస. అంతే. నిండు నలుపు ఎక్కడా లేదు.

తెలుగు అక్షరాలతో రెండు తంటాలు. మొదటిది, లేజర్ సాఫ్ట్‌వేర్‌లో నేరుగా టైపు చేస్తే ఒత్తులు ఊడి పక్కన నిలబడ్డాయి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో రాసి, అక్షరాలను గీతలుగా మార్చి తెచ్చుకుంటే సరిపోయింది. రెండోది, సైజు. పరీక్ష మాటగా చెన్నేకొత్తపల్లి తీసుకున్నాను. న కింద న, త కింద త, ల కింద ల. మూడు ఒత్తులున్న ఊరు, దీన్ని దాటితే ఏ ఊరైనా దాటొచ్చు. 4 మిల్లీమీటర్ల ఎత్తులో ఒత్తులు మూడూ మసి చుక్కలయ్యాయి. 5లో త ఒత్తు తేలింది, న ఒత్తు మునిగింది. 6 మిల్లీమీటర్లు, కొంచెం సన్నపాటి ఫాంటు పెడితే అన్నీ విడివిడిగా కనిపించాయి. హిందూపురంలోని రెండు సున్నాల కడుపులు కూడా పూడుకోలేదు.

మార్చి 2

ముక్కలు కోశాను. లేజర్‌తోనే కోయొచ్చు కానీ ఈ 2 మిల్లీమీటర్ల తోలుకు నిమిషానికి 250 మిల్లీమీటర్ల వేగంతో మూడుసార్లు తిప్పాల్సి వచ్చింది. అంచు బొగ్గులా నల్లబడి, చొక్కాకు అంటుకుంటోంది. కుట్టు రంధ్రాలు కూడా ఒక తుక్కు ముక్క మీద లేజర్‌తో వేసి చూశాను. వరస చూడముచ్చటగా ఉంది. దారం లాగితే నల్లబడి బయటికొచ్చింది. కోతకు తోలు కోసే కత్తి రంపె, రంధ్రాలకు పొడిచే మొన ఆరె. లేజర్‌కు ఒక్క చెక్కుడు పనే.

రంపె ఎక్కడిదంటే, టవర్ క్లాక్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయన దగ్గర అరువు. నాయనకు పాత పరిచయం. కత్తి ఇస్తూ, "పైకి లాగొద్దప్పా, ముందుకు తొయ్యి. తోలు కత్తి మాట ఇంటాది, నీ మాట ఇనదు" అన్నాడు. మూడో కోతకు గానీ ఆ మాట అర్థం కాలేదు.

మార్చి 8

మూత చెక్కాను. ముందుగా తడిగుడ్డతో పైపైన తుడిచి, పలచటి కాగితం టేపు అతికించి, దాని మీదుగా కాల్చాలి. మసి టేపు మీదే ఉండిపోతుంది. పక్కనుంచి గాలి కొట్టే చిన్న పంపు వేస్తే పొగ అక్షరం మీద కూర్చోదు.

సగంలో కరెంటు పోయింది. సరిగ్గా "చెన్నేకొత్త" దాకా వచ్చి. మిషన్ తన చోటు మరిచిపోయింది. మూలకు కొట్టి ఉంచిన రెండు మేకుల వల్ల తోలు కదల్లేదు కాబట్టి, బల్ల మూల నుంచి మళ్ళీ లెక్క పెట్టించి, మిగిలిన ముక్కనే పంపించాను. "ప" అక్షరం దగ్గర వెంట్రుకవాసి జారింది. చెప్తే తప్ప కనబడదు. ఇక్కడ చెప్పేశాను. షెడ్డుకు ఇన్వర్టర్ లైను లాగేదాకా ఇంక పెద్ద పని పెట్టను.

మార్చి 9

అసలు పని ఇప్పుడు మొదలైంది. చెక్కడానికి పట్టింది 22 నిమిషాలు. ఈరోజు శుభ్రం చేయడానికే రెండు గంటలు.

టేపు నెమ్మదిగా, పడుకోబెట్టి పీకాలి. నిలువుగా లాగితే తోలు పై పొర లేస్తుంది. తర్వాత మెత్తటి పళ్ళ బ్రష్, పొడిగా, అక్షరం లోపలి నుంచి బయటికి. ఆ తర్వాతే గ్లిజరిన్ సబ్బు నురగ, పిండేసిన గుడ్డతో అద్దడం. రుద్దకూడదు. రుద్దితే మసి తోలు రంధ్రాల్లోకి దిగి, ఇక బయటికి రాదు. ప్రతి ఊరికీ కొత్త గుడ్డ ముక్క తీసుకున్నాను. పాత బనీన్లు ఆరు అయిపోయాయి. చుక్కల వరస మాత్రం ఒక్క తుడుపుకే మెరిసింది. చిన్న మచ్చ, చుట్టూ ఖాళీ. మసికి పాకడానికి చోటే లేదు.

అంతా బాగుందనుకుంటుండగా ఒక తప్పు చేశాను. తడిసిన మూతను మడత ఆకారానికి వంచి, తొందరగా ఆరుతుందని మిట్టమధ్యాహ్నం రేకు మీద పెట్టి అన్నానికి పోయాను. వచ్చేసరికి అప్పడం. అంచులు పైకి లేచి, తడితే టకటకమంటోంది. పొడి తోలు ఎండను ఓర్చుకుంటుంది గానీ తడి తోలు వేడికి లొంగిపోతుంది. పచ్చితోలైతే 60-65 డిగ్రీల దగ్గరే ముడుచుకుంటుంది. చెట్టుచెక్క తోలు ఇంకొంచెం మొండిది, 70-85. మార్చి నెల అనంతపురం రేకు ఎంత కాలుతుందో వేలు పెట్టి చూస్తే తెలిసింది.

దానికి తోడు, మడత నిలవడానికి పెట్టిన ఇనుప క్లిప్పుల కింద రెండు నల్ల మచ్చలు. తోలులోని చెక్కరసం, ఇనుము, తడి, ఈ మూడూ కలిస్తే నలుపు పుడుతుంది. కలంకారీవాళ్ళు కరక్కాయ పట్టించిన గుడ్డ మీద ఇనుము, బెల్లం ఊరేసిన నీళ్ళతో నల్లగీత గీసేది ఈ లెక్కతోనే. వాళ్ళు కావాలని చేస్తారు.

మార్చి 10

నిమ్మరసం దూదితో అద్ది, రెండు నిమిషాలకు తడిగుడ్డతో తుడిచేశాను. మచ్చలు తొంభై పాళ్ళు పోయాయి. బిగుసుకున్న మూత మాత్రం పూర్వస్థితికి రాలేదు. తడిపి, నీడలో ఆరబెట్టి, మళ్ళీ తడిపినా అంచు ముడత అలాగే ఉంది. కొత్త మూత కోస్తున్నాను. ఏడు అడుగులు తెప్పించినప్పుడు ఎక్కువేమో అనుకున్నా.

మార్చి 15

రెండో మూత. ఇన్వర్టర్ మీద చెక్కాను. నీడలో, చెక్క క్లిప్పులతో ఆరబెట్టాను. రెండు రోజులు పడుతుందనుకుంటే మన గాలికి సాయంత్రానికే ఆరింది. ఈ ఊరి గాలిలో తోలుకు బూజు భయం లేదు, ఎండిపోతుందనే భయమే.

అందుకే నూనె. ఏ నూనె అన్నదాని మీద ఇంట్లో పంచాయితీ. అమ్మ, "శెనక్కాయ నూనె ఇంట్లో పెట్టుకోని బజారుకు పోతావా" అంది. అనంతపురంలో పుట్టి శెనక్కాయ నూనెను కాదనడం కష్టమే. కానీ వంటనూనె తోలులో నెలల తరబడి ఉంటే కంపు కొడుతుంది. ఆవు కాళ్ళ ఎముకల నుంచి తీసే నీట్స్‌ఫుట్ నూనె తెప్పించాను, అది ఏ ఎముకదో అమ్మకు చెప్పలేదు. గుడ్డతో పలచగా ఒక్క పొర. రాత్రంతా వదిలేస్తే రంగు ఒక ఛాయ ముదిరింది, అక్షరం ఇంకా ముదిరింది. దీని మీద ఒక వంతు తేనె మైనం, మూడు వంతుల అదే నూనె కరిగించి చేసిన లేపనం. చుక్కల్లో ఇరుక్కున్న మైనాన్ని పుల్లతో తీయడం ఒక శిక్ష.

మార్చి 22

కుట్టు. రెండు పక్కలు 18, 18, అడుగు 24, మొత్తం 60 సెంటీమీటర్లు. 4 మిల్లీమీటర్లకో రంధ్రం చొప్పున దాదాపు 150 కుట్లు. దారం కుట్టు పొడవుకు నాలుగింతలు, అంటే 2.4 మీటర్లు, మైనం పట్టించిన పాలిస్టర్, 0.8 మిల్లీమీటర్లు. ఒకే దారం రెండు కొసలకూ సూదులు. ప్రతి రంధ్రంలోంచి రెండూ ఎదురెదురుగా పోవాలి. మిషన్ కుట్టులో ఒక పోగు తెగితే వరస ఊడుతూ పోవచ్చు, ఇందులో రెండో పోగు పట్టుకునే ఉంటుంది. నాయన పాత సంచి అన్నేళ్ళ చిల్లరను మోసింది ఈ కుట్టుతోనే. మొదటి పక్క వంకరొచ్చి విప్పాను. రెండు రోజులు పట్టింది.

మార్చి 25

అంచులు. పెద్దాయనకు రంపె తిరిగివ్వడానికి పోయి, సంచి చూపించాను. అక్షరాల వైపు ఒక్క చూపు చూసి పక్కన పెట్టి, అంచు మీద బొటనవేలు నడిపాడు.

"మిషన్ పని బాగుంది. అంచు ఎవురు చేస్తారు?"

400 నంబరు ఎమరీ కాగితంతో రుద్దాను కదా అన్నాను. నవ్వి, ఒక సోడా సీసా తీశాడు. అంచును తడి చేసి, తుమ్మ జిగురు నీళ్ళు రాసి, సీసా మెడతో నొక్కి నొక్కి రుద్దాడు. మొదట ఏమీ కాలేదు. నూరోసారికో ఏమో, రెండు పొరలు ఒక్కటై గాజులా నిగనిగలాడాయి. జిగురు ఎక్కువైతే ఎండి పెచ్చులూడుతుందట, నీళ్ళు ఎక్కువ జిగురు తక్కువ ఉండాలట. మిగతాదంతా ఇంట్లో నేనే రుద్దాను. 400, తర్వాత 800, జిగురు నీళ్ళు, సీసా, జీన్సు గుడ్డ, చివరగా మైనం. మూడు సాయంత్రాలు. అరచేతిలో బొబ్బ లేచింది.

డబ్బు ఇవ్వబోతే ఆయన తీసుకోలేదు. మనవరాలి పేరు ఒక తోలు ముక్క మీద రాసివ్వమన్నాడు. ఆ పేరులోనూ ఒత్తుంది.

మార్చి 30, ఉగాది

పచ్చడి తిన్నాక ఇచ్చాను. నాయన ముందు మూత తెరిచి అరలు చూశాడు, చిల్లర అరలో చెయ్యి పెట్టి వేళ్ళు ఆడించాడు. పట్టీ భుజాన వేసుకుని, సంచి ఎక్కడికి వచ్చిందో చూసుకుని, బకిల్ ఒక రంధ్రం బిగించాడు. తర్వాత కళ్ళద్దాలు పెట్టుకుని, వేలుతో ఊరూరూ చదివాడు. గొంతు కూడా మారింది, బస్సులో అరిచే గొంతు. రాప్తాడు దాటి వేలు ఆగిపోయింది.

"మరూరు యాడరా?"

"అన్ని ఊళ్ళు పట్టవు నాయనా. ముఖ్యమైనవే పెట్టినా."

"నేను ఎక్కువ చేసింది పల్లెవెలుగులో. మరూరులో నిలపకపోతే జనం ఊరుకుంటారా? ఇది ఎక్స్‌ప్రెస్ సంచిరా."

ఎక్స్‌ప్రెస్ సంచినే వేసుకుని కూరగాయలకు పోయాడు. ఆయన వచ్చాక స్కేలు పెట్టి చూశాను. రాప్తాడుకూ చెన్నేకొత్తపల్లికీ మధ్య చుక్కల వరస 21 మిల్లీమీటర్లు ఉంది. 6 మిల్లీమీటర్ల ఎత్తులో మరూరు 16 పడుతుంది, ఒత్తు కూడా లేదు. కానీ అది చుక్కల మీద పడుతుంది, పైగా కుట్టేసి మైనం పట్టిన సంచిని మళ్ళీ లేజర్ కింద పడుకోబెట్టాలి. వరసకు కింద ఖాళీగా ఉన్న చోట, చిన్న స్టేజీలాగా పెడితే సరిపోవచ్చు. ముందు తుక్కు ముక్క మీద మైనం పూసి కాల్చి చూడాలి.